జీవదయయా, జీవసంగ్రహమా?



ఇరువది రెండవ తీర్థంకరులైన నేమినాథస్వామి వివాహయాత్ర కథ జైన గృహములలో పసిపిల్లలకు సైతము తెలిసినదే. రథము పెండ్లివారి ఊరు సమీపించుచుండగా, దొడ్లలో నిర్బంధింపబడిన మృగముల ఆక్రందన స్వామి చెవిని బడినది. ఇవి ఎందుకని అడుగగా పెండ్లి విందు కొరకని సారథి చెప్పెను. స్వామి వాటిని విడిపించి, రథమును మరలించి, పెండ్లి మాని గిరినార పర్వతమునకు తరలిపోయిరి. ఈ కథ చెప్పువారందరు స్వామి కరుణను కీర్తించుదురు. కీర్తింపవలసినదే. కాని ఇందులో ఒక చిన్న సంగతి కలదు. వినువారు సాధారణముగా దానిని దాటిపోవుదురు. స్వామి దొడ్డి తలుపు తెరిపించిరి. ఆ మృగములను తమ దొడ్డికి తోలించుకొనిపోలేదు.

జ్ఞాతృధర్మకథలలోని మేఘకుమారుని పూర్వజన్మ వృత్తాంతమును గూడ ఇదే దృష్టితో చూడుడు. ఆ జన్మమున అతడొక ఏనుగు. కార్చిచ్చు భయముచేత అడవిలో చెట్టుచేమలు పెరికి ఒక పెద్ద బయలును సిద్ధము చేసికొనినది. చిచ్చు రేగినప్పుడు అడవిలోని జంతువులన్నియు వచ్చి అందులో క్రిక్కిరిసి నిలిచినవి. ఏనుగు ఒళ్ళు గోకుకొనుటకు కాలెత్తగా, ఖాళీ యైన ఆ చోటులోనికి ఒక కుందేలు వచ్చి చేరినది. కాలు దింపిన కుందేలు చచ్చును. రెండున్నర దినములు ఆ కాలు గాలిలోనే నిలిచినది. చిచ్చు చల్లారినది, జంతువులు మేతకు, నీటికి తమ దారిని తాము పోయినవి. అప్పుడు కాలు దింపబోయి, తిమ్మిరెక్కిన అంగములతో ఏనుగు కూలిపోయినది. ఆపద యున్నంతవరకు ఆశ్రయము, ఆపద తీరిన తరువాత విడుదల. ప్రాణము పోవునంతటి త్యాగములో గూడ ఈ కుందేలు నాది అను మాట లేదు.

ఈ రెండు కథలను మనస్సునందుంచుకొని ఇప్పుడొక ఇంటిని ఊహింపవలెను. ఊరి పేరుతో పని లేదు. బజారు వీధి యున్న ఏ ఊరైనను సరే. భర్త కాలము చేసిన ఒక శ్రావిక. కొడుకు పుణెలో వ్యాపారము, కూతురు అత్తవారింట. ముందున్న అంగడి మూతపడినది, వెనుకనున్న గోదాము ఖాళీగా నున్నది. ఒక వానాకాలపు రాత్రి తడిసి వణకుచు ఒక పిల్లి వచ్చినది. ఆమె తువాలుతో తుడిచి పాలు పోసినది. ఇంతవరకు జరిగినది శుద్ధమైన జీవదయ. దీనిని తప్పుపట్టువాడు మనుష్యుడు కాడు.

ఆ పిల్లి ఈనినది. ఆడపిల్లి నాలుగైదు నెలల ఈడుకే కట్టగలదు. కట్టిన రెండు నెలలకు ఈనును. పాలిచ్చుచుండగానే మరల కట్టును. రెండవ ఏడు గడచునప్పటికి గోదాములో ఎన్ని యున్నవో ఆమెకే తెలియదు. వీధిలో బండ్ల క్రింద పడునేమో యని కిటికీలు మూసినది. ఎవరైన పట్టుకొనిపోవుదురేమో యని తలుపు గొళ్ళెము పెట్టినది. దేవాలయమునకు పోవుట తగ్గించినది, తాను లేనిచో అవి కలియబడునని. సామాయికమునకు కూర్చుండుట మానినది, అరపులలో మనస్సు నిలువదని. ప్రక్కింటి కోడలు, "అత్తయ్యా, ఇన్నింటిని మీరొక్కరు ఎట్లా సాకుతారు?" అని అడిగినచో, "నేను విడిచిపెడితే వాటికి దిక్కెవరమ్మా?" అని ఆమె సమాధానము. దీపావళికి కొడుకు వచ్చి వాకిట నిలువగానే ముక్కు మూసుకొని, "ఏమిటమ్మా ఇది?" అన్నాడు. "ఏమున్నదిరా, అన్నీ చక్కగానే ఉన్నవి గదా," అన్నది తల్లి. ఆ మాట అనునప్పటికి గోనెసంచుల చాటున మూడు పిల్లి కూనలు చచ్చి ఎండిపోయి యున్నవి. ఆమె అబద్ధము చెప్పలేదు. ఆమెకు కనబడలేదు.

ఈ కనబడకపోవుటయే వ్యాధి యని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన గ్యారీ పాట్రొనెక్ అను పశువైద్యుడు 1999లో దీనిని గూర్చి పరిశోధన ప్రకటించెను. ఆయన పరిశీలించిన వృత్తాంతములు 54. నాలుగింట మూడు వంతులు స్త్రీలు, దాదాపు సగము మంది 60 ఏండ్లు దాటినవారు, అనేకులు ఒంటరిగా జీవించువారు. అయిదింట నాలుగు చోట్ల చచ్చిన ప్రాణులో, రోగముతో క్షీణించిన ప్రాణులో కనబడినవి. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథపు అయిదవ కూర్పులో, వస్తువులను వదలలేక పోగుచేయు వ్యాధికి ప్రత్యేక స్థానము లభించినది. ప్రాణులను పోగుచేయుట అందులో ఒక విశేష రూపముగా పేర్కొనబడినది. ఆంగ్లములో యానిమల్ హోర్డింగ్ అందురు. వ్యాపారస్థులకు హోర్డింగ్ అను మాట క్రొత్తది కాదు; సరుకును బిగబట్టి నిల్వచేయుటకు ప్రభుత్వము వాడు మాటయే ఇది.

దీని లక్షణములు నాలుగు మాటలలో చెప్పవచ్చును. చేతనైనంతకు మించి ప్రాణులను చేర్చుట, వాటికి తిండి, చోటు, శుభ్రము, చికిత్స కనీసముగా నైన అమర్చలేకపోవుట, ఆ దుస్థితిని ఒప్పుకొనకపోవుట, అట్లుండియు ఇంకను చేర్చుచునే యుండుట. లెక్క ఎక్కువైనంత మాత్రమున వ్యాధి కాదు. ఉపాసకదశాంగములో చెప్పబడిన ఆనంద శ్రావకునకు ఒక్కొక్కటి పదివేల గోవుల చొప్పున నాలుగు మందలు, అనగా 40,000 గోవులు. భగవాన్ మహావీరుని సన్నిధిలో వ్రతము స్వీకరించునప్పుడు ఆయన ఆ నాలుగు మందలకు మించి పశువులు వద్దని పరిమితి చేసికొనెను. నలుబది వేలు గలవాడు హద్దు గీసికొనెను. గోదాములో నలుబది పిల్లులు గలవారు హద్దు గీసికొనలేకపోవుచున్నారు. తేడా సంఖ్యలో లేదు.

ఇక శ్రావకుల అహింసాణువ్రతమునకు శాస్త్రము చెప్పిన అయిదు అతిచారములను ఈ ఇంటికి పోల్చి చూడవలెను. ఉమాస్వామి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో వాటిని క్రమముగా చెప్పినారు: బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. వధమనగా ఇచట చంపుట కాదు, కొట్టుట. ఛేదమనగా అవయవములు కోయుట. ఈ రెండింటిని, మోయలేని బరువు మోపుటను ఆ శ్రావిక కలలోనైన తలంపలేదు. కాని మొదటిది? తిరుగాడు ప్రాణిని కదలనీయక కట్టివేయుట బంధము; గొళ్ళెము పెట్టిన గోదాము పలుపు త్రాడు కంటె ఏమి తక్కువ? చివరిదైన అన్నపాననిరోధము మరియు సూక్ష్మమైనది. తిండి పెట్టకపోవుట మాత్రమే నిరోధము కాదు. పది గిన్నెల పాలు ముప్పది నోళ్ళకు పోసినప్పుడు బలము గలవి త్రాగును, బలహీనమైనవి మూల నుండి చూచును. ఆ మూలనున్నదానికి జరిగినది అన్నపాననిరోధమే.

ఇచట జైన గృహములకు మాత్రమే సంబంధించిన ఒక చిక్కు కలదు. దానిని దాచిపెట్టుట ఎవరికిని మంచిది కాదు. పిల్లి మాంసాహారి. టారిన్ అను ఒక పదార్థము దాని శరీరములో చాలినంత తయారు కాదు, మాంసము నుండి రావలెను. పాలలో ఉండునది అత్యల్పము. అది చాలనిచో క్రమముగా చూపు పోవును, గుండె కండరము సడలును. స్వేచ్ఛగా తిరుగు పిల్లి తన ఆహారము తాను చూచుకొనును. జైన గృహస్థు మాంసము తెచ్చి పెట్టలేడు. తలుపు మూసి పాలు అన్నము మాత్రము పెట్టినచో, వ్రతము నిలుచును, పిల్లి కండ్లు పోవును. కావున పిల్లిని బంధించి సాకుట జైన గృహమునకు మొదటినుండియు కుదిరెడు పని కాదు. గాయము మానువరకు ఉంచి పంపుట కుదురును.

మలమూత్రముల సంగతి చెప్పుటకు సంకోచింపనక్కరలేదు, శాస్త్రమే సంకోచింపలేదు. అశుచి స్థానములలో సమ్మూర్ఛిమ జీవులు అసంఖ్యాకముగా పుట్టునని గదా సిద్ధాంతము. అందుచేతనే సాధువులకు విసర్జనమును గూర్చి ప్రత్యేకమైన సమితి విధింపబడినది. నిర్జంతువైన చోటు చూచి విడువవలెనని. దినముల తరబడి ఎత్తని గోదాములో మూత్రము నుండి అమ్మోనియా వాయువు పుట్టి కండ్లు, ఊపిరితిత్తులు మండును, ప్రాణులకును, ఆమెకును. గోమారులు, ఈగలు, పురుగులు. నలుబది జీవులను కాపాడుచున్నానను భావనలో కోట్ల జీవుల పుట్టుకకు, చావుకు ఆ ఇల్లు క్షేత్రమైనది. మధ్యాహ్నము గ్రుడ్డి దీపము వెలుగులో నీరు వడగట్టి త్రాగు ఇల్లాలి ఇంటిలో ఇది జరుగుచున్నది.

మరి ఇది ఎందువలన? ఉమాస్వామి ఆచార్యులు పరిగ్రహమునకు చెప్పిన పేరు మూర్ఛ. వస్తువు కాదు, వస్తువుపై మమకారపు మైకము. వ్యాఖ్యాతలు ధన ధాన్యములను వివరించుచు, ధనమనగా గోవులు మొదలైనవి యని చెప్పుదురు. ప్రాణములు గలవి గూడ పరిగ్రహములే! బంగారమునందలి మూర్ఛను అందరు గుర్తింతురు, పరిహసింతురు గూడ. ప్రాణులయందలి మూర్ఛ దయ యను చీర కట్టుకొని వచ్చును గనుక దానికి అందరు నమస్కరింతురు. ఇష్టమైనది ఎడబాయునేమో యను ఎడతెగని చింతను ఆర్తధ్యానములలో ఒకటిగా లెక్కించినారు. భర్త పోయినాడు, పిల్లలు దూరమైనారు, పిలిచిన పలుకువారు లేరు. పిల్లి ఒక్కటియే పిలిచిన వచ్చినది. ఇంక దానిని పోనిచ్చుట ఎట్లు? వైద్యులు గూడ ఈ వ్యాధి వెనుక దుఃఖము, ఒంటరితనము, దిగులు, కొందరిలో వార్ధక్యపు మతిమరపు ఉండునని చెప్పుచున్నారు. శాస్త్రము మోహనీయ కర్మ యనును, వైద్యుడు మనోవ్యాధి యనును. జ్వరము వచ్చినప్పుడు అసాతావేదనీయ కర్మ యని చెప్పి ఎవరును వైద్యుని మానలేదు గదా, ఇదియు అట్టిదే.

ఇట్టివారు అందరు ఒక తీరు కారు. కొందరు మొదట చక్కగా సాకినవారే. రోగమో, అప్పో, భర్త మరణమో వచ్చి చేయి జారినవారు. వీరు సహాయము అడిగిన అంగీకరింతురు. కొందరు తాము తప్ప రక్షకుడు లేడని నమ్మినవారు. వీరికి ఎవరి మాటయు పట్టదు. మూడవ రకము వేరు. జంతువులను చూపి చందాలు పోగుచేసి, ఆ జంతువులను ఆకలికి వదలువారు. పదునైదు కర్మాదానములలో అసతీపోషణము ఒకటి. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో దానిని వివరించుచు, ధనము కొరకు చిలుకలు, గోరువంకలు, పిల్లులు, కుక్కలు మొదలగువాటిని పోషించుట యని చెప్పినారు. ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే ఈ వ్యాపారము తెలిసినదన్నమాట!

ఈ మూడవ రకమువారికి పెట్టుబడి ఎవరిది? ఎక్కువగా వ్యాపారస్థులదే. పర్యూషణములోనో, దశలక్షణములోనో, తలిదండ్రుల పుణ్యతిథినాడో జీవదయ ఖాతాకు చీటి వ్రాయుదురు. అంగడిలో దారపు ఉండకు సైతము నిల్వ పుస్తకము ఉంచువారు, దానమిచ్చిన చోట లెక్క అడుగుటకు మొగమాటపడుదురు. ఏమి మొగమాటము! ఏడాది మొదట ఎన్ని ప్రాణులున్నవి, ఎన్ని చేరినవి, ఎన్ని కోలుకొని పోయినవి, ఎన్ని చచ్చినవి, ఇప్పుడు ఎన్ని యున్నవి, వారమునకు ఎన్నిమార్లు పశువైద్యుడు వచ్చును. ఈ ఆరు అంకెలు చెప్పలేనివారికి రూపాయి ఇచ్చినచో అది ఆకలికి ఇచ్చిన పెట్టుబడి. పింజ్రాపోలులు చంపుటను ఒప్పవు, ఒప్పరాదు. చంపనిచోటు, కాదనక అన్నింటిని చేర్చుకొనినచో భూమియు, గడ్డియు, మనుష్యులును అందుకు సరిపడ ఉండవలెను. లేనప్పుడు వద్దని చెప్పు ధైర్యము నిర్వాహకులకు ఉండవలెను. అట్లు చెప్పినందుకు సంఘమువారు వారిని నిందింపరాదు. పక్షులను వేటకాండ్ర వద్ద కొని వదలుట గూడ ఇట్టిదే. కొనువాడున్నాడని వేటకాడు మరునాడు ఇంకొక వల పన్నును.

ఢిల్లీలో ఎఱ్ఱకోట కెదురుగా దిగంబర జైన లాల్ మందిరపు ఆవరణలో పక్షుల ఆసుపత్రి కలదు. 1929లో ప్రారంభమైనది. గాయపడిన పావురములను, చిలుకలను జనులు తెచ్చి ఇచ్చుదురు. నయమైన పక్షిని తెచ్చినవారికి తిరిగి ఇయ్యరు, ఆసుపత్రిలో ఉంచుకొనరు. మేడపై నుండి ఆకాశములోనికి వదలుదురు. అక్కడ చికిత్స ముగింపు రెక్కలాడుటయే.

మరల ఆ శ్రావిక ఇంటి సంగతి. ఇరుగుపొరుగువారు ఏమి చేయుదురు? దుర్వాసన భరింపలేక మున్సిపాలిటీకి అర్జీ పెట్టుదురు. తప్పు కాదు, పసిపిల్లలున్న ఇండ్లు, మురుగు కాలువ ఒకటే, రేబిస్ భయము, గజ్జి, తామర. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము పెంచువాడు చాలినంత తిండి, నీరు, చోటు ఇయ్యకపోవుట నేరమే. సిబ్బంది వచ్చి ఒక్క ఉదయములో గోదాము ఖాళీ చేసి పోవుదురు. కొడుకు సున్నము వేయించి, తాళము పెట్టి, పని యైపోయినదనుకొని రైలెక్కును. ఆమె ఆ రాత్రి అన్నము తినదు. ఆరు నెలలలో గోదాములో మరల అరపులు వినబడును. ఇట్లు మరల మరల జరుగునని ఈ వ్యాధిని పరిశీలించినవారందరు చెప్పుచున్నారు. పిల్లులను తీసివేసినారు గాని ఒంటరితనమును ఎవరు తీసివేసినారు?

మైత్రి, ప్రమోదము, కారుణ్యము, మాధ్యస్థ్యము అని నాలుగు భావనలు విధింపబడినవి. దుఃఖితుల యెడ కారుణ్యము. మాట వినని వారి యెడ మాధ్యస్థ్యము, అనగా ద్వేషము లేకుండుట. ఆ గోదాములో అందరికంటె పెద్ద దుఃఖితురాలు ఆమెయే. ఆమెను పిచ్చిది యని పిలుచువారు, ఆమె పిల్లులపై జాలిపడువారికంటె ఏ విధముగను ఎక్కువ జైనులు కారు. ఆమెను దేవతవలె పొగడి ఇంకొక పిల్లిని గోనెలో తెచ్చి ఆమె వాకిట వదలి పోవువారు మరింత పాపము మూటగట్టుకొనుచున్నారు.

చేయవలసినది నెమ్మదిగా చేయవలెను. ఆమె నమ్మిన ఒక్క మనిషి, కూతురో, ఆ ప్రక్కింటి కోడలో, ముందు పోవలెను. మొదటి దినము పిల్లుల మాట ఎత్తరాదు. కూర్చుండి ఆమె మాట వినవలెను. తరువాత పశువైద్యుని పిలిపించి, రోగముగలవాటికి చికిత్స చేయింతుమని చెప్పినచో సాధారణముగా కాదనదు. సంతాన నిరోధ శస్త్రచికిత్స అన్నింటికి చేయింపవలెను. ఇది జరుగనిచో తక్కినదంతయు చిల్లుకుండలో నీరు. కోయుట ఛేదము గదా యని కొందరు శంకింతురు. ఛేదమును అతిచారముగా చేయునది క్రూరమైన ఉద్దేశము; పుట్టి ఆకలితో చచ్చెడు కూనల పరంపరను ఆపుటకు, మత్తు ఇచ్చి, వైద్యుడు చేయు చికిత్సను దానితో కలుపరాదు. పిదప కొన్నింటిని విడివిడిగా పంపి, ఆమె చేతనైన ఒకటి రెంటిని ఆమె వద్దనే ఉంచి, కిటికీలు తెరిపించి, వారమునకొకమారు చూచి వచ్చు ఏర్పాటుండవలెను. ఆమెను మనోవైద్యునికి చూపవలెను. దిగులు ఉన్నచో దానికి మందు కలదు. వదలుట నేర్పుటకు మాటలతో చేయు చికిత్స కలదు, ఫలితము నిదానముగా వచ్చును. ఎవరిని అడుగవలెనో తెలియనివారికి ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకుండ, తెలుగులో గూడ మాటలాడుదురు. కొడుకు ప్రతిరాత్రి ఫోను చేయుటకు సంఖ్య వేరే చెప్పనక్కరలేదు.

పరిగ్రహపరిమాణ వ్రతము తీసికొను గృహస్థులు భూమి, ఇల్లు, వెండి, బంగారము వ్రాసి, చతుష్పదముల వద్దకు వచ్చునప్పటికి ఆవులు లేవు గదా యని గీత గీసి వదలుచున్నారు. ఆ గీత చోట ఇప్పుడు ఒక అంకె వ్రాయుట మంచిది. కుక్కయైన, పిల్లియైన, పంజరములోని పక్షియైన, ఇంటిలో ఇంతకు మించి ఉండరాదని. గాయపడి వచ్చినదానిని ఇన్ని దినములకు మించి ఉంచరాదని. అంకెకు ప్రక్కన, ఇంటి యజమానికి జబ్బు చేసినచో వాటికి మేత పెట్టువారెవరో ఆ పేరు. ఆ పేరుగలవారి చేతనే అక్కడ దస్కత్తు చేయింపవలెను.